పంట వేయకపోతే డబ్బొచ్చే పొలం: బయానా ఇచ్చే ముందు

ప్రశ్న: డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాను, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నలుగురు స్నేహితులం కలిసి ఎల్‌ఎల్‌సీ (ఒక రకం కంపెనీ) పెట్టి పశ్చిమ కాన్సస్‌లో 160 ఎకరాల పొలం కొనాలనుకుంటున్నాం. ఎకరా 1,800 డాలర్లు చెబుతున్నారు. అందులో 148 ఎకరాలు ‘సీఆర్‌పీ’ అనే ప్రభుత్వ పథకంలో ఉన్నాయట. నేలను గడ్డి కింద వదిలేసినందుకు ఎకరాకు ఏటా 42 డాలర్లు ఇస్తారట. కాంట్రాక్టు 2021 అక్టోబరులో మొదలైంది, 2031 సెప్టెంబరు 30 దాకా ఉంది. ‘ఏ పనీ చేయక్కర్లేదు, కూర్చుంటే డబ్బు’ అంటున్నాడు బ్రోకరు. మాలో ఇద్దరు సిటిజన్లు, ఒకరికి గ్రీన్ కార్డు ఉంది, నాది హెచ్1బీ వర్క్ వీసా. జనగామ దగ్గర ఊళ్లో ఉన్న నాన్నకు ఫోన్లో చెబితే, ‘పంట ఎయ్యనందుకు పైసలిచ్చే సర్కారు యాడుంటది బిడ్డా, ఎవడో నిన్ను ముంచుతుండు’ అన్నారు. ఇది నిజంగా మోసమా? ఆ గడ్డిలో మేకలు పెంచుకోవచ్చా? వీకెండ్‌కి వెళ్లి ఉండటానికి చిన్న ఇల్లు కట్టుకోవచ్చా? వచ్చే వారం బయానా ఇవ్వాలి. టెన్షన్‌గా ఉంది.

సమాధానం: మోసమైతే కాదు. బ్రోకరు సగం చెప్పి ఊరుకున్నాడు, అంతే. మిగతా సగం కాగితాల్లో ఉంది, అందులో మీ పీకకు చుట్టుకునే ముడి ఒకటుంది. దాని దగ్గరికి వస్తాను. ముందు మీ నాన్నగారికి జవాబు చెప్పాలి. మీరడిగిన వాటన్నిటికంటే ఆయనడిగిందే అసలు ప్రశ్న.

మీరు కొనబోతున్న ఆ ప్రాంతంలో నేల ఒకప్పుడు గాలికి లేచిపోయింది. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో గోధుమ ధర పెరిగింది. వేల ఏళ్లుగా గడ్డి వేళ్లు పట్టి ఉంచిన నేలను రైతులు ఎడాపెడా దున్నేశారు. 1930ల్లో వానలు మొహం చాటేసేసరికి పైమట్టిని పట్టుకునేది ఏదీ మిగల్లేదు. 1934 మే నెలలో లేచిన దుమ్ము న్యూయార్క్, వాషింగ్టన్ల దాకా పోయి పడింది. 1935 ఏప్రిల్ 14, ఆదివారం నాడు పట్టపగలే చీకటి కమ్మింది. ఆ రోజును ఇప్పటికీ ‘బ్లాక్ సండే’ అంటారు. రెండు వారాలు తిరక్కుండానే, ఏప్రిల్ 27న, నేల కోతను ఆపే చట్టం వచ్చింది. హ్యూ హామండ్ బెనెట్ అధిపతిగా సాయిల్ కన్సర్వేషన్ సర్వీసు ఏర్పడింది. ఈ రోజు ఎన్‌ఆర్‌సీఎస్ (నేచురల్ రిసోర్సెస్ కన్సర్వేషన్ సర్వీస్) అంటున్నది దాన్నే.

బుద్ధొచ్చిందా అంటే, కొన్నాళ్లు వచ్చింది. 1956లో ‘సాయిల్ బ్యాంక్’ పేరుతో పొలాలను విశ్రాంతికి వదిలితే డబ్బిచ్చారు. 1970ల్లో ఎగుమతులు పెరగ్గానే మళ్లీ గట్ల దాకా దున్నేశారు. 1980ల్లో ధరలు పడిపోయి, గోదాములు నిండిపోయి, రైతులు అప్పుల పాలయ్యారు. అప్పుడు, 1985 డిసెంబరులో అధ్యక్షుడు రీగన్ సంతకం చేసిన ఫుడ్ సెక్యూరిటీ యాక్టులో ఈ కన్సర్వేషన్ రిజర్వ్ ప్రోగ్రామ్, అంటే మీ సీఆర్‌పీ, పుట్టింది. మట్టీ నిలుస్తుంది, పంటా తగ్గి ధర నిలబడుతుంది అన్నది లెక్క. 2007లో ఈ పథకం కింద 3 కోట్ల 68 లక్షల ఎకరాలు ఉండేవి. అదే దాని శిఖరం. తర్వాత మొక్కజొన్న ధర పెరిగేసరికి చాలామంది గడ్డి తీసేసి మళ్లీ దున్నుకున్నారు. ఎవరినీ తప్పు పట్టలేం. ధర పలుకుతుంటే గడ్డిని చూస్తూ కూర్చునే రైతు ఏ దేశంలో ఉంటాడు!

మీ నాన్నగారికి రైతుబంధు గుర్తు చేయండి. 2018లో అది సీజనుకు ఎకరాకు 4,000 రూపాయలతో మొదలైనప్పటి నుంచీ రచ్చబండ దగ్గర ఒకటే వాదన: సాగు చేయని బీళ్లకు, గుట్టలకు డబ్బెందుకని. 2025 జనవరిలో రైతు భరోసాగా మార్చి ఏడాదికి 12,000 చేసినప్పుడు సాగుకు పనికిరాని భూములను తీసేశారు కూడా. కాన్సస్‌లో కథ తిరగబడింది. అక్కడ దున్నితే డబ్బు ఆగిపోతుంది. అలాగని ప్రతి బీడుకూ ఇవ్వరు. అంతకుముందు పంట పండించిన నేలై ఉండాలి, కోతకు గురయ్యేదో నీటి పక్కదో అయి ఉండాలి, సాధారణంగా దరఖాస్తు పెట్టుకున్నవాళ్లతో పోటీలో నెగ్గాలి.

ఇంకో మాట చెబితే ఆయనకు ఇట్టే అర్థమవుతుంది. ఇది సాయం కాదు, కౌలు. ఇక్కడ కౌలుదారు సర్కారు. పదేళ్లకో పదిహేనేళ్లకో కౌలు కాగితం రాసుకుని, ఏటా అక్టోబరులో డబ్బు కట్టి, ‘ఇందులో నేను చెప్పిన గడ్డే ఉండాలి, నేను చెప్పినప్పుడే కోయాలి’ అనే కౌలుదారు. మామూలు కౌలుదారు మాట తప్పితే మనం పంచాయితీ పెడతాం. ఇక్కడ మాట తప్పేది భూమి యజమానే. పంచాయితీ ఆయన మీదే.

ఇక ఆ ముడి సంగతి. ‘నాది హెచ్1బీ’ అని నాలుగు అక్షరాల్లో చెప్పేసి మేకల మీదికి వెళ్లిపోయారు. మొత్తం ఉత్తరంలో ముఖ్యమైన మాట అదే.

ఈ కౌలు డబ్బు ఇచ్చేది ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీ, అందరూ ఎఫ్‌ఎస్‌ఏ ఆఫీసు అంటారు. ఆ ఆఫీసు లెక్కలో అమెరికన్ పౌరుడూ కాక, గ్రీన్ కార్డూ లేని మనిషి ‘ఫారిన్ పర్సన్’. మీరు పదేళ్లుగా ఇక్కడ పన్నులు కడుతున్నా, ఐ-140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ పెట్టే పిటిషన్) అప్రూవ్ అయి ఉన్నా అంతే. భూమి, పెట్టుబడితో పాటు ఒళ్లు వంచి సేద్యం చేస్తే తప్ప ఫారిన్ పర్సన్‌కు ఈ చెల్లింపులు రావు. గడ్డి కింద వదిలేసిన పొలంలో ఫ్రిస్కో నుంచి మీరు చేసే సేద్యం ఏముంటుంది?

‘నా పేరు మీద కాదు కదా, ఎల్‌ఎల్‌సీ పేరు మీద కదా’ అంటారేమో. కంపెనీలో 10 శాతానికి మించి వాటా ఫారిన్ పర్సన్ల చేతిలో ఉంటే కంపెనీ మొత్తం అనర్హమే. మీ వాటా 25 శాతం. అంటే మీ ఒక్కరి వల్ల మిగతా ముగ్గురి డబ్బూ ఆగుతుంది. దీనికో దారి ఉంది: పౌరులు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్ల వాటా మేరకైనా ఇవ్వమని రాతపూర్వకంగా అడగవచ్చు. అది ముందే అడిగి, జవాబు కాగితం మీద తెచ్చుకోవాలి. కొన్నాక చూద్దాంలే అనుకుంటే నలుగురి స్నేహం చెడుతుంది. నన్నడిగితే, గ్రీన్ కార్డు వచ్చేదాకా మీరు ఈ వాటాలో లేకపోవడమే మేలు, లేదా 10 శాతం లోపు ఉండండి. చేదుగా ఉంటుంది, తెలుసు.

ఈ వీసా సంగతికే ఇంకో తోక ఉంది. విదేశీయులు వ్యవసాయ భూమి కొంటే ప్రభుత్వానికి తెలియజేయాలని 1978 నుంచి చట్టం ఉంది. ఒక విదేశీయుడికి 10 శాతం, ఆపైన వాటా ఉన్న కంపెనీకీ అది వర్తిస్తుంది. కొన్న 90 రోజుల్లోపు ఎఫ్‌ఎస్‌ఏ-153 అనే ఫారం ఇవ్వాలి. ఇవ్వకపోతే జరిమానా ఆ భూమి మార్కెట్ విలువలో 25 శాతం దాకా పోవచ్చు. ఇవ్వడానికి ఖర్చేమీ లేదు, మర్చిపోతేనే ఖర్చు. పైగా కాన్సస్‌లో కార్పొరేషన్లు, ఎల్‌ఎల్‌సీల చేతిలో వ్యవసాయ భూమి ఉండటం మీద 1931 నాటి నుంచి వస్తున్న ఆంక్షల చట్టం ఒకటుంది. మీ ఎల్‌ఎల్‌సీ అందులో ఎక్కడ ఇముడుతుందో అక్కడి లాయరు చెప్పాలి. డాలస్‌లో మీ ఇంటి రిజిస్ట్రేషన్ చేయించినాయన దీనికి పనికిరాడు.

ఇప్పుడు ‘కూర్చుంటే డబ్బు’ లెక్క చూద్దాం. 148 ఎకరాలకు 42 చొప్పున ఏడాదికి 6,216 డాలర్లు. పొలం ధర 2,88,000. అంటే రాబడి 2 శాతం కంటే కాస్త ఎక్కువ. అందులోంచి కౌంటీకి (మన జిల్లా లాంటిది) భూమి పన్ను, కలుపు మందు కొట్టించే కూలి, ఇన్సూరెన్సు పోవాలి. మీ వాటా 1,554 ఆగిపోతే మొత్తం 4,662 వస్తుంది, అది 1.6 శాతం. పొలం ధర పెరుగుతుందన్న ఆశతో కొంటున్నామంటే అది వేరే మాట, ఆ మాటే చెప్పుకోండి. కౌలు కోసం కొంటున్నామని మాత్రం మిమ్మల్ని మీరు నమ్మించుకోకండి. పథకంలో ఒక్కొక్కరికి ఏడాదికి 50,000 డాలర్ల పరిమితి ఉంది, మూడేళ్ల సగటు ఆదాయం 9 లక్షల డాలర్లు దాటినవాళ్లు సాధారణంగా అనర్హులు. ఆ రెండిటితో మీకు బెంగ లేదనుకుంటాను.

‘ఏ పనీ చేయక్కర్లేదు’ అన్న మాట దగ్గర మాత్రం నేను ఊరుకోలేను, ఎందుకంటే ఆ మాట నమ్మి నేనే దెబ్బతిన్నాను.

కొన్నేళ్ల కిందట నాకూ, మా బావమరిదికీ కలిపి కాన్సస్‌లో 80 ఎకరాలు ఉండేవి, మొత్తం సీఆర్‌పీలోనే. ఒక వేసవిలో మా మామగారు మొదటిసారి అమెరికా వచ్చారు. కొడుకూ అల్లుడూ కలిసి కొన్న పొలం నడుమెత్తు పిచ్చిగడ్డితో ఉంటే ఏం బాగుంటుంది, కాస్త నున్నగా చేసి చూపిద్దామని మా ఆలోచన. జూన్ రెండో వారం. ట్రాక్టరు, గడ్డి కోసే మిషను అద్దెకు తెచ్చాం. రోడ్డు పక్క నుంచి మొదలుపెట్టి మూడెకరాలు కోశామో లేదో, చక్రాల ముందు నుంచి ఓ గోధుమ రంగు పిట్ట టపటపమని లేచింది. ఫెజెంట్ పెట్ట. ట్రాక్టరు ఆపి చూస్తే గడ్డి మొదట్లో చిన్న గుంట, అందులో మట్టిపచ్చ రంగులో తొమ్మిది గుడ్లు. అరచేతిలో పట్టేంత. మామగారు వంగి చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నారు. ఈలోగా పక్క పొలం పెద్దాయన పికప్‌లో వచ్చి ఆగాడు. ఏమీ తిట్టలేదు. ‘ఇవాళ తారీఖెంత?’ అని మాత్రం అడిగాడు.

కాన్సస్‌లో ఏప్రిల్ 15 నుంచి జులై 15 దాకా పక్షులు గుడ్లు పెట్టే కాలం. అప్పుడు అనుమతి లేకుండా సీఆర్‌పీ గడ్డి మీద కత్తి పెట్టకూడదు. మేం సంతకం పెట్టిన కాగితంలోనే ఉంది ఆ మాట, చదివింది ఎవరు? మేమే వెళ్లి ఆఫీసులో చెప్పేశాం, ఆ ఏడాది అద్దెలో కోత పడింది. అంతటితో పోయింది, అదృష్టం. ‘దుక్కికి ముహూర్తం చూస్తాం, ఇక్కడ గడ్డికీ పంచాంగం ఉందన్నమాట’ అన్నారు మామగారు. తిరిగి ఊరెళ్లాక ఆయన అందరికీ చెప్పింది నయాగరా గురించి కాదు, ఈ గుడ్ల గురించే.

కోయకూడని రోజుల్లో కోయకుండా ఉంటే చాలదు. చేయాల్సిన పనులూ ఉన్నాయి. ప్రతి కాంట్రాక్టు వెనకా ఒక కన్సర్వేషన్ ప్లాన్ ఉంటుంది. ఏ గడ్డి విత్తనం ఎంత వేయాలి, మధ్యలో ఏ ఏడాది నేలను కాస్త కదిపి గడ్డిని కొత్తగా చిగురించేలా చేయాలి, అన్నీ అందులో ఉంటాయి. కొన్నిచోట్ల గడ్డిని పద్ధతి ప్రకారం తగలబెట్టమంటారు కూడా. దానికి చుట్టూ నిప్పు దాటని పట్టీ దున్నుకోవాలి, మనుషులు కావాలి, గాలి కుదరాలి. ఇంకా కలుపు. మస్క్ తిసిల్ లాంటి ముళ్ల మొక్కలు కాన్సస్ చట్టం ప్రకారం నిషిద్ధ కలుపు. వాటిని అదుపు చేయాల్సింది భూమి యజమానే, అతను ఫ్రిస్కోలో ఉన్నా. ఏడాదికి రెండుసార్లయినా ఎవరో ఒకరు వెళ్లి చూడాలి. పక్క రైతుతో మంచిగా ఉంటే, కూలి తీసుకుని ఆయనే మందు కొట్టిపెడతాడు.

ఆ పక్క రైతు మీ మీద మొదట్లో గుర్రుగా ఉంటే ఆశ్చర్యపోకండి. ఆయన వైపు నుంచి చూడండి. పొలమంతా గడ్డి కిందికి పోతే విత్తనాలు, ఎరువులు, డీజిలు కొనేవాడుండడు, ధాన్యం కొని నిల్వ చేసే గోదాముకు (ఎలివేటరు అంటారు) పనుండదు. బడిలో పిల్లలు తగ్గుతారు. అద్దె చెక్కు మాత్రం ఎక్కడో డాలస్‌కో డెన్వర్‌కో పోతుంది. 1980ల చివర్లోనే చిన్న కౌంటీలు ఈ గోల పెట్టాయి. ఒక కౌంటీ సాగుభూమిలో సాధారణంగా 25 శాతానికి మించి ఈ పథకంలో చేర్చకూడదన్న నియమం 1985 చట్టంలోనే ఉంది. కొత్తగా సేద్యం మొదలుపెట్టే కుర్రాళ్లదింకో బాధ. సర్కారే కౌలు రేటు పెంచేస్తే మాకెవరు భూమి ఇస్తారని. 2018 ఫార్మ్ బిల్లు (వ్యవసాయ పథకాల మీద కాంగ్రెస్ కొన్నేళ్లకోసారి చేసే చట్టం) ఆ మాట కొంత విని, పోటీ పద్ధతిలో చేరే భూములకు కౌంటీ సగటు కౌలులో 85 శాతమే ఇవ్వమంది. ఇందులో న్యాయం ఎటున్నదంటే, నాకు చాలాసార్లు ఆ కుర్రాళ్ల వైపే అనిపిస్తుంది. మంచి నల్లరేగడి లాంటి నేలను గడ్డికి వదలడం దండగ. గాలికి లేచే ఇసుక నేలకు మాత్రం గడ్డిని మించిన పంట లేదు. మీ 148 ఎకరాలు ఎలాంటివో చూసుకోండి.

కాంట్రాక్టు సంగతి. భూమి చేతులు మారగానే కాంట్రాక్టు దానంతటదే మీ పేరు మీదికి రాదు. దాన్ని మేం కొనసాగిస్తామని మీరు సంతకం పెట్టాలి. సాధారణంగా 60 రోజుల గడువు ఉంటుంది. మీరు పెట్టకపోతే కాంట్రాక్టు రద్దై, అమ్మినాయన ఇప్పటిదాకా తీసుకున్నదంతా వడ్డీతో కక్కాలి, పైన ఒక ఏడాది అద్దెలో 25 శాతం జరిమానా. మీ పొలానికి ఇప్పటికి నాలుగు అక్టోబర్లు గడిచాయనుకుంటే 24,864 డాలర్లు, దాని మీద వడ్డీ, ఇంకో 1,554. అందుకే తెలివైన అమ్మకందారు ‘కాంట్రాక్టు కొన్నవారే కొనసాగించాలి, లేకుంటే ఆ డబ్బు వారే కట్టాలి’ అని అగ్రిమెంటులో ఓ వాక్యం పెట్టిస్తాడు. ఆ వాక్యం ఉందో లేదో వెతకండి. సంతకం పెట్టి చేరాక మీరు మధ్యలో దున్నినా, ఇల్లు కట్టినా, మొదటి రోజు నుంచి ఉన్న బాధ్యతలన్నీ మీ నెత్తినే. అమ్మినాయన తీసుకున్న డబ్బు మీరు కట్టాల్సి రావచ్చు. ఇది బ్రోకరు చెప్పడు.

మేకలు వద్దు. కరవు ప్రకటించిన కౌంటీల్లో అత్యవసరంగా మేపుకోనిస్తారు. మామూలు ఏడాదుల్లోనూ ముందే అనుమతి తీసుకుని, కొన్నేళ్లకోసారి, ఆ ఏడాది అద్దెలో 25 శాతం వదులుకుని మేపుకోవచ్చు. దాని మీద మేకల వ్యాపారం నిలబడదు. గ్రాస్‌ల్యాండ్ సీఆర్‌పీ అని ఇంకో రకం ఉంది, అందులో మేపుకోనిస్తారు, అద్దె చాలా తక్కువ. 42 డాలర్లంటున్నారంటే మీది అది కాదు. ఇల్లంటారా, కాంట్రాక్టులో లేని 12 ఎకరాలున్నాయి కదా, కౌంటీ పర్మిషన్ ఇస్తే అందులో కట్టుకోండి. ఆ 12 ఎకరాలకు రోడ్డు ఉందా, లేక గడ్డి మధ్యలోంచి దారి తీయాలా చూసుకోండి. మునగ, మామిడి వేయవచ్చా అని మీరడగలేదు కానీ మీలో ఒకరు అడిగే ఉంటారు. జనవరిలో ఒక్క రాత్రి అక్కడ ఉండి రమ్మనండి.

అదనపు రాబడి కావాలంటే ఒక దారి ఉంది. వేట హక్కులు. సీఆర్‌పీ గడ్డిని వేటగాళ్లకు లీజుకివ్వవచ్చు. జనం వచ్చి వేటాడుకోవడానికి పొలం వదిలితే యజమానికి డబ్బిచ్చే పథకం కాన్సస్ రాష్ట్రానికి 1995 నుంచి ఉంది. మనవాళ్లు చాలామందికి తుపాకీ అంటేనే ఇబ్బంది, అది మీ ఇష్టం.

పన్ను గురించి ఒక్కటే చెబుతాను, మిగతాది మీ పన్ను లెక్కలు చూసే సీపీఏ చూసుకుంటారు. ఈ డబ్బు అద్దె అనే పేరుతో వచ్చినా దీని మీద సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్స్ (సొంత వ్యాపారం చేసుకునేవాళ్ల మీద పడే పన్ను) కట్టాలంటుంది అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్. ఒకప్పుడు టెక్సస్‌లో యూనివర్సిటీ ఉద్యోగం చేసిన, సౌత్ డకోటాలో సీఆర్‌పీ పొలం ఉన్న ఒకాయన, అచ్చం మీలాంటివాడే, నేను రైతును కాను కదా అని కోర్టుకెళ్లాడు. 2014లో ఎనిమిదో సర్క్యూట్ కోర్టులో (కొన్ని రాష్ట్రాలకు కలిపి ఉండే అప్పీలు కోర్టు) గెలిచాడు కూడా. ఆ సర్క్యూట్ బయట ఆ తీర్పును పాటించబోమని ఐఆర్‌ఎస్ తర్వాత ప్రకటించింది. మీరుండే టెక్సస్ ఐదో సర్క్యూట్, పొలం ఉన్న కాన్సస్ పదో సర్క్యూట్. ఆ తీర్పు చూపించి ‘కట్టక్కర్లేదు’ అని ఎవరైనా ధీమాగా అంటే, సర్క్యూట్ ఏదో అడగండి.

2031 తర్వాత ఏమిటన్నది ఎవరూ హామీ ఇవ్వలేరు. మళ్లీ చేరాలంటే మళ్లీ పోటీ, రేటు కూడా అప్పటిదే. పథకం ఉండాలా, ఎన్ని ఎకరాలకు ఉండాలా అన్నది ప్రతి ఫార్మ్ బిల్లులోనూ కాంగ్రెస్ తేల్చే విషయం. చేర్చుకోకపోతే దున్నుకోవచ్చు. కానీ బాగా కోతకు గురయ్యే నేలగా నమోదై ఉంటే, నేల కొట్టుకుపోని పద్ధతిలో సాగు చేస్తామని ప్లాన్ ఇస్తేనే మిగతా ప్రభుత్వ సాయాలు దక్కుతాయి. అమ్మాలనుకుంటే, రిటైరవుతున్న యజమాని కొత్త రైతుకు అప్పగించినప్పుడు రెండేళ్ల అద్దె అదనంగా ఇచ్చే ఏర్పాటు ఒకటి 2008 నుంచి ఉంది. అది మీకు ఇప్పుడే అక్కర్లేదు. కానీ ఇంకొకటి ఇప్పుడే అడగాలి: ఈ పొలానికి ఎప్పుడైనా బోరు నీటి హక్కు ఉండేదా? ఆర్కాన్సా నది ఎగువ ప్రాంతంలో 2007 నుంచి నడుస్తున్న ఒక ప్రత్యేక పథకంలో, చేరిన యజమానులు భూగర్భ జలం కాపాడటం కోసం నీటి హక్కును శాశ్వతంగా వదులుకున్నారు. శాశ్వతంగా అంటే శాశ్వతంగానే. అలాంటి పొలాన్ని రేపు ఎప్పుడో తడి పొలం చేస్తామని కలలు కనకూడదు.

బయానా వారం వాయిదా వేయమని బ్రోకరుకు ఈరోజే చెప్పండి. కుదరదంటే, ఎఫ్‌ఎస్‌ఏ లెక్కలు సరిపోకపోతే బయానా వాపసు అన్న షరతు రాయించండి. అమ్మేవాళ్ల దగ్గర సీఆర్‌పీ-1 అనే కాంట్రాక్టు ఫారం, దాని అనుబంధం, కన్సర్వేషన్ ప్లాన్, పొలం మ్యాపు అడగండి. మన దగ్గర పహాణీ, ఈసీ చూడకుండా గుంట భూమి కూడా కొనం కదా, ఇవి ఇక్కడి పహాణీలు. అమ్మే ఏడాది అక్టోబరు చెక్కు ఎవరికో అగ్రిమెంటులో రాసుకోండి. ఈ చెల్లింపులు పబ్లిక్ రికార్డు, దాచేది కాదు. ఎన్విరాన్‌మెంటల్ వర్కింగ్ గ్రూప్ అనే సంస్థ 1995 నుంచి ఇచ్చిన డబ్బును కౌంటీలవారీగా, పేర్లతో సహా ఇంటర్నెట్‌లో పెట్టింది. చెప్పిన అంకె, వచ్చిన అంకె ఒకటేనా అన్నది పది నిమిషాల్లో తేలిపోతుంది.

ఆ తర్వాత ఒక శనివారం డ్రైవ్ చేసుకుని వెళ్లి పొలం అంతా కాలినడకన తిరగండి. బూట్లు వేసుకోండి, ప్యాంటు నిండా గడ్డి ముళ్లు దిగుతాయి. ముందు ఎఫ్‌ఎస్‌ఏ ఆఫీసుకు ఫోన్ చేసి శుక్రవారం మధ్యాహ్నానికి అపాయింట్‌మెంట్ తీసుకుంటే ఒకే ప్రయాణంలో రెండు పనులూ అవుతాయి. అమ్మేవాళ్ల అనుమతి పత్రం లేకుండా వాళ్లు ఫైలు చూపించరు, అది తీసుకెళ్లండి. పొలంలో గడ్డి మధ్య ముదురాకుపచ్చగా మోకాలెత్తు సీడర్ మొక్కలు కనిపిస్తే లెక్కపెట్టండి. వాటిని తీయించాల్సింది కొన్నవాళ్లే. ఆ ఖర్చు ఎకరాకు ఇంత అని వేసి, 1,800 లోంచి తగ్గించమని అక్కడే అడగండి. మీ నాన్నగారికి వీడియో కాల్ చేసి ఆ గడ్డి చూపించండి. బేరం మాత్రం ఆయన చేత ఆడించవద్దు, అన్నీ ఒప్పుకుని 1,200కి ఇమ్మంటారు.